కోడిపేనుకూ ప్రాణమేగా?



పోయిన పున్నమినాడు మా పేటలో బుద్ధవందన ముగిశాక పాయసం పంచుతుంటే ఒక పెద్దమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపు ఊరుకుని, "అయ్యా, ఒక మాటడుగుతా, నవ్వమాక" అంది. అడగమన్నాను.

"పొద్దున్నే లేచి పంచశీలం చెప్పుకుంటన్నా. ప్రాణం తియ్యనని ఒప్పుకుంటన్నా. ఆ ఒప్పుకున్న నోటితోనే కోళ్ల గంప కాడికి పోయి పేలు నలుపుతన్నా. మరి నాది దొంగశీలమా?"

వెనకాల కుర్రాళ్లు ఇద్దరు నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. ఆమెకున్నవి ఎనిమిది కోళ్లు. అందులో పొదుగుతున్న పెట్ట పేల బాధ తట్టుకోలేక గుడ్లు వదిలేసి లేచిపోయింది. పదకొండు గుడ్లు మురిగిపోయాయి. సెంటు భూమి లేని మనిషికి పదకొండు పిల్లలంటే మనవడి పుస్తకాలు, తన మందుబిళ్లలు. ఇటు చూస్తే శీలం, అటు చూస్తే గంప కింద రెక్కలు గోక్కుంటూ సన్నబడిపోతున్న కోళ్లు. ఆ మధ్యలో ఆమె నిలబడి ఉంది.

ఆ రోజు ఆమెకు చెప్పిన జవాబు నాకే చాల్లేదు. ఇంటికొచ్చి చాలా ఆలోచించాను. ఆ ఆలోచనే ఇక్కడ మీ ముందు పెడుతున్నాను. మీ ఇంట్లో కోళ్లు లేకపోయినా చదవండి. ప్రశ్న పేనుతో మొదలైంది గానీ పేను దగ్గర ఆగదు.

శీలం ఏమంటోంది?

ముందు మనం మనల్ని మోసం చేసుకోకుండా మాట్లాడుకుందాం. మొదటి శీలంలో పెద్ద ప్రాణి, చిన్న ప్రాణి అన్న తేడా లేదు. పేను కూడా ప్రాణే. బౌద్ధ పెద్దలు ప్రాణహింసకు అయిదు అంగాలు చెప్పారు. అక్కడ ఒక ప్రాణి ఉండాలి. అది ప్రాణి అని మనకు తెలియాలి. చంపాలనే చేతన కలగాలి. అందుకు ప్రయత్నం జరగాలి. ఆ ప్రయత్నం వల్ల అది చావాలి. ఈ అయిదూ కలిస్తే శీలం తప్పినట్టే. పెద్దమ్మ రెండు గోళ్ల మధ్య పేనును నలిపినప్పుడు అయిదూ కలిశాయి. కలవలేదని బుకాయించి ఆమెను ఓదార్చడం ధమ్మం కాదు.

ఇందులో నడుమన ఉన్న మాట చేతన. దానికి ఒక పాత కథ ఉంది. చక్ఖుపాల థేరుడు కళ్లు పోయిన భిక్షువు. వాన వెలిశాక పొద్దున్నే ఆయన నడుస్తుంటే కాళ్ల కింద పురుగులు నలిగి చచ్చాయి. అది చూసిన తోటి భిక్షువులు బుద్ధుడికి చెప్పారు. ఆయన పురుగుల్ని చూడలేదు, చంపాలని అనుకోలేదు, కనుక ఆయనది తప్పు కాదని తథాగతుడు తేల్చాడు. చేతనే కర్మ అనేది బుద్ధుని బోధలో మూలమైన మాట.

అయితే అదే బుద్ధుడు ఇంకో రెండు పనులు చేశాడు. వానాకాలంలో భిక్షువులు ఊరూరా తిరుగుతూ పచ్చగడ్డినీ చిన్న చిన్న ప్రాణుల్నీ తొక్కేస్తున్నారని జనం గొణిగారు. అప్పుడాయన 'కావాలని తొక్కలేదు కదా, తప్పులేదు' అని ఊరుకోలేదు. వానాకాలం ఒకచోటే ఉండండి అని వర్షావాసం పెట్టాడు. నీళ్లు తాగేముందు వడపోసుకోండి అని భిక్షువుల సామానులో వడపోత గుడ్డను చేర్చాడు. గమనించండి. తప్పు జరిగాక చేతన ఉందా లేదా అని విచారించడం ఒకటి. అసలు ఆ తప్పు జరిగే సందర్భమే రాకుండా ముందే ఏర్పాటు చేసుకోవడం ఇంకొకటి. వడపోత గుడ్డ చెప్పేది ఈ రెండోదే. మన కోళ్ల గూటికి పనికొచ్చే ధమ్మం ఇక్కడే ఉంది.

బాబాసాహెబ్ చూపిన తేడా

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనవాళ్ల చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. అన్ని ప్రాణుల పట్ల కరుణ చూపుతాను, వాటిని కాపాడతాను అన్నది అందులో ఒకటి. చంపను అని ఊరుకోవడంతో అది ఆగలేదు, కాపాడతాను అంది. ఊరుకుంటే కాపాడటం అవదు. గంప కింద కోడి రక్తం పోతుంటే, 'నేను పేనును చంపను, నా శీలం పదిలం' అని కూర్చున్న మనిషి ఏ ప్రాణినీ కాపాడలేదు. తన పేరును మాత్రం కాపాడుకున్నాడు.

బాబాసాహెబ్ పరినిర్వాణం తర్వాత 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో అహింస గురించి ఆయన ఒక తేడా చూపించారు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు. బుద్ధుడి అహింస కళ్లు మూసుకుని పాటించే నియమం కాదనీ, మనిషి బుద్ధి ఉపయోగించి నడుచుకోవాల్సిన సూత్రమనీ ఆయన వివరించారు. నియమమైతే బుర్రతో పని లేదు, లెక్క చూసుకుంటే చాలు. సూత్రమైతే ప్రతిసారీ ఆలోచించాలి. అందుకే సూత్రం నియమం కంటే కష్టం.

ఈ తేడా మన పల్లెల్లో ఎక్కడ కనిపిస్తుందో చూడండి. సంక్రాంతికి పుంజు కాలికి కత్తి కట్టి బరిలోకి వదిలి, అది ఇంకో పుంజు పొట్ట చీలుస్తుంటే ఈలలు వేస్తారే, అది చంపాలనే కోరిక. దాన్ని ఏ అవసరమూ వెనకేసుకు రాలేదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కూడా దాన్ని ఒప్పుకోదు. కోళ్లకు తెగులొస్తే అమ్మోరికి కోపమొచ్చిందని ఇంకో కోడి మెడ కోస్తారే, అది అజ్ఞానం. ఒక కోడి చావకుండా ఇంకో కోడిని చంపడం ఏం లెక్క? దీక్ష తీసుకున్న మనం ఈ రెండింటినీ వదిలేశాం. వదలని వాళ్లుంటే ఈ రోజే వదలండి. పెద్దమ్మ పేను నలపడం ఈ రెండింటి లాంటిది కాదు. ఆమెకు పేను మీద కోపం లేదు, అది చస్తుంటే సంబరమూ లేదు.

అయితే 'అవసరం' అనే మాట చాలా జారుడు మాట. లంచం పుచ్చుకునేవాడూ అవసరమే అంటాడు. అందుకని ఆ మాటను ఇంకొంచెం తవ్వాలి. అది నాకు తెలిసొచ్చింది మా ఇంట్లోనే.

మా అమ్మ ముంచిన బకెట్

నేను బడికి పోయే రోజుల్లో మా ఇంట్లో పదిహేను కోళ్లు దాకా ఉండేవి. ఒక ఎండాకాలం వాటికి పేలు, గోమార్లు విపరీతంగా పట్టాయి. సందెవేళ కోళ్లు గూట్లోకి పోనని మొండికేసేవి. మొండితనమనుకుని తోలి తోలి లోపలికి నెట్టేవాణ్ణి. అమ్మ పత్తిచేనుకు పోయే మనిషి. చేలో కొట్టగా డబ్బా అడుగున మిగిలిన పురుగుమందు ఎవరో ఇస్తే తెచ్చి, బకెట్ నీళ్లలో కలిపి, ఒక్కో కోణ్ణీ మెడదాకా ముంచి వదిలింది. పేలు చచ్చాయి. తెల్లారేసరికి నాలుగు కోళ్లు కూడా చచ్చాయి. అమ్మ చేతులు రెండ్రోజులు మండాయి.

అమ్మను తప్పు పట్టడానికి ఇది చెప్పట్లేదు. ఆమెకు తెలిసింది ఆమె చేసింది. నేను చూసింది వేరే సంగతి. గూడు ఆరు నెలల నుంచీ ఎవరూ ఊడవలేదు. గోడ పగుళ్లలో గోమార్లు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. నీళ్ల చట్టి ఒలికి నేల ఎప్పుడూ చిత్తడిగానే ఉండేది. ఆ పని నాది. అమ్మ నాకే అప్పజెప్పింది, నేను ఎగ్గొట్టాను. ఆ బకెట్ అవసరమైంది నిజమే. కానీ ఆ అవసరాన్ని పుట్టించింది నా బద్ధకం.

బుద్ధుడు అప్పమాదం అన్నాడు. ఏమరుపాటు లేకుండా ఉండటం అని దానర్థం. శీలాలకు వేరు అది. చంపక తప్పని స్థితి వచ్చాక 'అవసరం' అనేవాడు, ఆ స్థితి రాకముందు తానేం చేశాడో కూడా చెప్పాలి. ఆరునెలలు నిద్రపోయి ఏడో నెల విషం కలిపితే దాన్ని అవసరం అనలేం. అది ప్రమాదం, అంటే పాళీలో చెప్పే ఏమరుపాటు.

పురుగు ఒంటరిగా పుట్టదు

ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు. ప్రతీత్య సముత్పాదమంటే తేలిక మాటల్లో ఇదే. దీన్ని పెద్ద తత్వమని భయపడే వాళ్లు ఒకసారి కోడి కడుపులోని ఏలికపామును చూస్తే చాలు.

ఏలికపాము కోడి చిన్నపేగులో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు రెట్టలో బయట పడతాయి. పడగానే అవి ఏ కోడికీ హాని చెయ్యలేవు. నేలలో తడి, వెచ్చదనం ఉంటే సుమారు రెండు వారాల్లో లోపల పిల్ల పురుగు తయారవుతుంది. అప్పుడు ఇంకో కోడి ఆ నేల మీద గింజ ఏరుకుంటూ దాన్ని మింగుతుంది. పేగులో అది పెరిగి మళ్లీ గుడ్లు పెట్టడానికి ఇంకో నెలా రెండు నెలలు. మూడు నెలల లోపు పిల్లలకు దీని దెబ్బ ఎక్కువ. ఒళ్లు చెయ్యవు, రెక్కలు వేలాడతాయి, తురాయి పాలిపోతుంది.

రెట్ట, తడి, వెచ్చదనం, నేల మీద పోసిన మేత. ఈ గొలుసులో ఒక్క కడియం తీసేయండి. రెండు వారాల లోపు రెట్ట ఎత్తేస్తే? నేల ఎండిపోయి ఉంటే? మేత నేల మీద కాక తొట్టిలో పెడితే? పురుగు పుట్టదు. పుట్టని పురుగును చంపనక్కర్లేదు. అవసరమే రాలేదు కనుక శీలానికీ అవసరానికీ మధ్య తగాదా రాదు.

బద్దెపురుగు కథ ఇంకోలా ఉంటుంది. దానికి నడుమ ఒక వాహనం కావాలి. చీమ, ఈగ, పేడపురుగు లాంటివి దాని గుడ్లు తింటాయి, కోడి వాటిని తింటుంది. అందుకని పెంటకుప్ప గూటి పక్కనే ఉంటే బద్దెపురుగు తప్పదు. కుప్పను దూరంగా వేసి, మట్టి కప్పి మాగబెడితే లోపల పుట్టే వేడికి గుడ్లు చాలావరకు నశిస్తాయి, ఈగలూ తగ్గుతాయి.

పేను కోడి ఒంటి మీదే పుట్టి ఒంటి మీదే చస్తుంది. ఈక మొదట్లో గుడ్లు అంటించి ఉంటుంది. ఎర్ర పురుగులు, గోమార్లు అలా కాదు. పగలంతా గూటి పగుళ్లలో, కర్ర సందుల్లో దాక్కుని, రాత్రి కోళ్లు నిద్రపోయాక వచ్చి రక్తం తాగి పోతాయి. పగలు కోణ్ణి ఎంత వెతికినా కనిపించవు. రాత్రి దీపం పట్టుకుని చూడాలి, లేదా కర్ర సందుల్లో గీరి చూడాలి. ఆ ఎర్ర పురుగులు తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి, గోమార్లు ఏళ్ల తరబడి. మా కోళ్లు గూట్లోకి పోనని ఎందుకు మొండికేశాయో నాకు పెద్దయ్యాక తెలిసింది. అది మొండితనం కాదు, మొర. నోరులేని ప్రాణి చెప్పుకునే తీరు అదే. వినడం నేర్చుకోవడమే కరుణకు మొదటి మెట్టు.

చేతులతో చేసే మైత్రి

ఇక పని మాట చూద్దాం. మైత్రి భావన కళ్లు మూసుకుని చేసేదే అనుకోవద్దు. చీపురు పట్టుకుని కూడా చెయ్యొచ్చు.

గూడు వారానికి ఒకసారన్నా పూర్తిగా ఊడవండి. రోజూ రెట్ట ఎత్తగలిగితే ఇంకా మంచిది. అడుగున ఊకో, ఎండుగడ్డో, పొడి ఇసుకో పరిచి, తడిసింది తడిసినట్టు తీసేయండి. గంపను రోజూ పగలు ఎండలో బోర్లించండి. మట్టిగోడల పగుళ్లు పూడ్చి, ఏడాదికి రెండు మూడుసార్లు సున్నం కొట్టండి. పగులే లేకపోతే గోమారికి ఇల్లు లేదు. కోళ్లు కూర్చునే కర్ర నున్నగా ఉండాలి, బెరడు ఉండకూడదు, తీసి ఎండబెట్టడానికి వీలుగా ఉండాలి.

నీళ్ల చట్టిని ఇటుక మీద పెట్టండి, కోడి వీపు ఎత్తుకు వచ్చేలా. అప్పుడు అందులో రెట్ట పడదు, నీళ్లు ఒలకవు. మేత తొట్టిలోనో తట్టలోనో వేయండి. చిన్నపిల్లల్ని పెద్ద కోళ్ల నుంచి కొన్నాళ్లు వేరుగా పెంచండి. సంతలో కొన్న కోణ్ణి తెచ్చిన రోజే మందలో కలపకండి. రెండు మూడు వారాలు విడిగా ఉంచి చూసి కలపండి. జాగా ఉంటే కోళ్లు తిరిగే చోటును అప్పుడప్పుడూ మార్చండి. ఖాళీ పడ్డ నేలకు ఎండే మందు.

కోడికి దాని స్నానం దాన్ని చెయ్యనివ్వండి. కోడి నీళ్లలో స్నానం చెయ్యదు, దుమ్ములో చేస్తుంది. వాన తగలని మూల ఒక గుంత తీసి రెండు పాళ్లు పొడి మట్టి లేదా ఇసుక, ఒక పాలు చల్లారిన కట్టెల బూడిద కలిపి పోయండి. నీడన ఎండబెట్టి దంచిన వేపాకు పొడి గుప్పెడు కలిపితే మంచిదే. ఆ దుమ్ము పేను ఒంటి మీది మైనం లాంటి పొరను పోగొడుతుంది, పేను ఎండిపోతుంది. ఇది కోడి తరతరాలుగా చేసుకునే వైద్యం. మనం గుంత చూపిస్తే చాలు. పెద్దమ్మ ఇల్లు సిమెంటు చప్టా చేయించాక ఆ కోళ్లకు పొర్లడానికి జానెడు మట్టి లేకుండా పోయింది. పేలు పెరిగింది అందుకే.

పేలు మరీ పట్టిన కోడికి రెక్కల కింద, ముడ్డి చుట్టూ బూడిద, వేపాకు పొడి ఈకల మొదళ్లకు తగిలేలా రుద్దండి. కళ్లలో, ముక్కులో పడనీయకండి. పేలు చచ్చినా గుడ్లు చావవు, అవి వారంలోపు పొదుగుతాయి. కనుక వారం పది రోజులకు రెండోసారి రుద్దాలి. ఒకసారి రుద్ది పని చెయ్యలేదని విషం డబ్బా వెతకొద్దు. కర్రకూ పగుళ్లకూ వేపనూనె పూయండి. కాళ్ల పొలుసులు లేచి గరుకుగా అయితే అదీ కంటికి కనిపించని పురుగు పనే. గోరువెచ్చని నీళ్లతో కడిగి కొబ్బరినూనె గానీ వేపనూనె గానీ రెండు మూడు రోజులకోసారి కొన్ని వారాలు రాయండి. పొలుసులు బలవంతంగా పీకొద్దు. చేలో కొట్టే మందులు, గమాక్సిన్ పొడి, కిరసనాయిలు కోడికి తాకించకండి. అవి కోణ్ణి, గుడ్డును, ఆ గుడ్డు తినే పిల్లల్ని కూడా తాకుతాయి.

పసరు చాలని చోట

ఒక హెచ్చరిక. 'సహజం' అన్న మాటకు కూడా మొక్కకూడదు. ఏ మాటకూ మొక్కొద్దని, పరీక్షించి చూడమని కాలాములకు చెప్పినవాడు మన శాస్త. వెల్లుల్లి, వేపాకు, బొప్పాయి గింజలు, గుమ్మడి గింజలు కోళ్లకు వేసే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. బొప్పాయి పాలకు ఏలికపాములను తగ్గించే గుణం కొంత ఉందని పరీక్షల్లో కనిపించింది. ఆకులూ గింజలూ కొంచెంగా వేస్తే నష్టం లేదు. కానీ కడుపు నిండా పురుగులున్న పిల్లకు వెల్లుల్లి రెబ్బ వేసి, 'మా తాతలనాటి వైద్యం' అని కూర్చుంటే అది చస్తుంది.

మూడు నుంచి ఆరు వారాల పిల్ల ముడుచుకుని కూర్చుని రక్తంతో పారుతుంటే అది రక్తపారుడు, కాక్సిడియా అనే కంటికి కనిపించని పరాన్నజీవి వల్ల వస్తుంది. తడి ఊకలో ఒకటి రెండు రోజుల్లోనే అది అంటుకునే స్థితికి వస్తుంది. దానికి పసర్లు చాలవు. అదే రోజు పశువుల ఆసుపత్రికి పోండి. నీళ్లలో కలిపే ఆంప్రోలియం లాంటి మందులు ఉన్నాయి. ఏలికపాములకు పైపరజిన్ పనిచేస్తుంది గానీ బద్దెపురుగులకు పనిచెయ్యదు, దానికి వేరే మందు కావాలి. వీలైతే రెట్ట తీసుకుపోయి పరీక్ష చేయించి, మోతాదు అడిగి వాడండి. మందు వేశాక ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో కూడా అడగండి.

ఇంకొకటి, కొక్కెర తెగులు పురుగు జబ్బు కాదు. అది వైరస్. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఉంది. టీకాకు వారం ముందు పురుగుల మందు వేయిస్తే టీకా బాగా పడుతుందని పశువైద్యులు చెబుతారు. అమ్మోరికి మొక్కు కట్టే డబ్బుతో ఆ టీకా వేయించండి.

మందు వేసినప్పుడు కడుపులో పురుగులు చస్తాయి. అవును, చస్తాయి. ఇక్కడ బాబాసాహెబ్ చెప్పిన అవసరం నిజంగా ఉంది, ఎందుకంటే చెయ్యగలిగినదంతా ముందే చేశాం. అప్పుడు కూడా అది గొప్ప పని అని చెప్పుకోనక్కర్లేదు, పాపమని కుమిలిపోనూ అక్కర్లేదు. తెలిసి చేశాం, తక్కువలో చేశాం, మళ్లీ రాకుండా చూస్తాం. అంతే.

మరి కోడిని కోసుకు తింటాంగా?

ఈ ప్రశ్న మీలో చాలామందికి ఈపాటికే వచ్చి ఉంటుంది. 'కోణ్ణి ఎలాగూ అమ్ముతాం, కోస్తాం. దాని పేల గురించి ఇంత ధమ్మమా?' న్యాయమైన ప్రశ్న. దాటేస్తే నేను రాసిందంతా వట్టిదే.

ఉపాసకుడు చెయ్యకూడని వ్యాపారాలు అయిదింటిని బుద్ధుడు చెప్పాడు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. అది నేను దాచను. రెండెకరాల మాగాణి, నెలజీతం ఉన్న మనలాంటి వాళ్లం ఆ మాట గట్టిగా పట్టించుకోవాలి. అవి లేని పెద్దమ్మకు ఆ మాటను కర్రలా చేసి చూపించే హక్కు మనకు లేదు. ఆమెకు వేరే దారి చూపించే బాధ్యత ఉంది. గుడ్ల మీద ఎక్కువ ఆధారపడటం, కోత తగ్గించుకోవడం, సంఘం తరపున చేతిపనికి సాయం చెయ్యడం. శీలం నిచ్చెన లాంటిది, ఒక్కో మెట్టూ ఎక్కాలి. కింద మెట్టు మీద ఉన్నవాడిని చూసి పైవాడు నవ్వితే, పైవాడే కిందికి జారినట్టు.

ఇంకో సంగతి. మనల్ని ఈ దేశంలో తిండి పేరుతో వెలివేశారు. మా వంటింట్లో ఏం ఉడుకుతుందో చూసి మా మనసు కొలిచారు. 1948లో 'అంటరానివారు' గ్రంథంలో బాబాసాహెబ్ ఈ తిండి రాజకీయాన్ని విప్పి చూపించారు. కనుక కరుణ వేరు, మడి వేరు అని మనకు బాగా తెలియాలి. మడి, 'నాకు అంటకూడదు' అంటుంది. కరుణ, 'దానికి నొప్పి కలగకూడదు' అంటుంది. మొదటిది తన ఒంటిని చూసుకుంటుంది, రెండోది ఎదుటి ప్రాణిని చూస్తుంది. చీమను తొక్కకుండా గెంతుతూ నడిచి, పాకీ పనివాడు మ్యాన్‌హోల్‌లో దిగుతుంటే కన్నెత్తి చూడని అహింసను మనం చూశాం. అది మనకొద్దు.

కోడి రేపు ఏమవుతుందనేది ఒక ప్రశ్న. ఈ రోజు అది మన గూట్లో ఉంది, రాత్రంతా దాని రక్తం పోతోందనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికేదాకా రెండోదాన్ని వాయిదా వెయ్యలేం. అతిసారంతో మలంలో పడి ఉన్న భిక్షువును చూసి బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగి పక్క మీద పడుకోబెట్టాడు. ఆ తర్వాతే, ఇతనికి మీరెందుకు సేవ చెయ్యలేదని మిగతా భిక్షువులను అడిగాడు. ముందు కడిగాడు, తర్వాత మాట్లాడాడు. ఆ వరసే మనకూ పాఠం.

కోడి మాత్రం పురుగును చూస్తే పొడుచుకు తింటుంది. అది శీలం తీసుకోలేదు. తీసుకున్నది మనం. ఆలోచించాల్సిందీ మనమే.

పెద్దమ్మకు జవాబు

మొన్న ఆదివారం పెద్దమ్మ ఇంటికి పోయాను. ఆనాడు నవ్విన కుర్రాళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని పోయాను. చప్టా పక్కన ఒక మూల పగలగొట్టి గుంత తీశాం, మట్టీ బూడిదా పోశాం. గూటికి సున్నం కొట్టాం. నీళ్ల చట్టి కింద రెండు ఇటుకలు పెట్టాం. మేము కాళ్లు కడుక్కునే లోపే ఒక పెట్ట వచ్చి గుంతలో పడి, రెక్కలు విదిలించుకుంటూ, కళ్లు మూసుకుని పొర్లింది. చాలాసేపు పొర్లింది.

అప్పుడు పెద్దమ్మకు నా జవాబు చెప్పాను. "అమ్మా, నీది దొంగశీలం కాదు. దొంగశీలం ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న రాదు. నువ్వు పేను నలిపినప్పుడు శీలం కొంచెం జారింది, అబద్ధం చెప్పను. కానీ శీలమంటే ఒకసారి పగిలితే అయిపోయే కుండ కాదు, రోజూ ఊడ్చుకునే వాకిలి. మళ్లీ ఊడ్చుకో. గూడు పొడిగా ఉంచు, నీ గోళ్లకు పని తగ్గుతుంది."

పెద్దమ్మ కోళ్ల వంక చూస్తూ, "అయితే పొద్దున పంచశీలం చెప్పుకున్నాక గూడు ఊడిస్తే సరిపోద్దా?" అంది.

"చెప్పుకుంటూ ఊడ్చు" అన్నాను.

బంధువులారా, మీకు కోళ్లుంటే ఈ సాయంత్రం దీపం పట్టుకుని గూటి కర్ర కింద ఒకసారి చూడండి. కోళ్లు లేకపోతే మీ చేతికింద ఉన్న ప్రాణి ఏదో చూడండి. పశువు కావచ్చు, పనిమనిషి కావచ్చు, మంచం పట్టిన అత్తగారు కావచ్చు. అక్కడ ఏ పగులు పూడ్చకుండా వదిలేశారో, ఏ తడి ఆరకుండా ఉందో మీకే తెలుస్తుంది. చంపను అన్న మాట నిలబెట్టుకోవాలంటే, చంపాల్సిన అవసరం రాకుండా చూసుకునే పని రోజూ ఉంటుంది.

నమో బుద్ధాయ! జై భీమ్!